ముసర వ్యాధి నిర్మూలన: పరిశోధన, అభ్యసన చరిత్ర

ముసర వ్యాధి ఆవులు, ఎద్దులు, గేదెలతో పాటు గిట్టలు చీలిన అడవి జంతువులకూ సోకిన ప్రాణాంతక వైరస్ రోగం. పశువుల ప్లేగు అనీ, జర్మన్ పేరుతో రిండర్‌పెస్ట్ అనీ కూడా అంటారు. మశూచి తర్వాత మనిషి పూనుకుని భూమ్మీద లేకుండా చేసిన రెండో రోగం ఇదే. ఆ ప్రకటన 2011లో వెలువడింది. ఈ కథను సాధారణంగా టీకాల కథగా చెబుతుంటారు. అది సగం కథే. నమ్మకమైన టీకా 1960 నాటికే చేతికొచ్చింది. రోగం పూర్తిగా పోవడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. పశువుల కాపరులకు ఎలా నేర్పాలో, వాళ్ల దగ్గర ఏం నేర్చుకోవాలో తెలుసుకోవడంలోనే ఆ కాలంలో చాలా భాగం గడిచింది.

దీని వైరస్ మార్బిల్లీవైరస్ ప్రజాతికి చెందింది. మనుషుల తట్టు, కుక్కల డిస్టెంపర్, గొర్రెలు మేకల పారుడు రోగం (పీపీఆర్) దీనికి దగ్గరి చుట్టాలు. మనుషుల తట్టు వైరస్ ఒకప్పుడు పశువుల వైరస్ నుంచే విడివడిందని జన్యు పరిశోధనలు చెబుతున్నాయి. రోగం సోకిన పశువుకు 104 డిగ్రీలు దాటి జ్వరం కాసేది. నెమరు ఆగిపోయి, కళ్లూ ముక్కూ కారేవి. రెండు మూడు రోజులకు చిగుళ్ల మీద, పెదవుల లోపల తవుడు చల్లినట్టు పొర కట్టేది. వేలితో రాస్తే అది ఊడివచ్చి, కింద ఎర్రటి పుండు కనిపించేది. ఆ తర్వాత కంపు కొట్టే పారుడు మొదలై, వారం పది రోజుల్లో పశువు చనిపోయేది. ఈ రోగం ఎన్నడూ ఎరగని మందల్లో నూటికి ఎనభై, తొంభై పశువులు పోయేవి. గండం గడిచి బతికినదానికి మాత్రం జన్మలో మళ్లీ వచ్చేది కాదు. ఈ సంగతి శాస్త్రవేత్తలు కనిపెట్టడానికి చాలా ముందే కాపరులకు తెలుసు.

ఐరోపా: శిక్షలు, బడులు

1711లో ఇటలీలోని పాదువా ప్రాంతంలో రోగం చెలరేగినప్పుడు వైద్యాచార్యుడు బెర్నార్దీనో రామజ్జినీ దాని మీద ప్రసంగించాడు. పోపు వైద్యుడు జొవాన్నీ లాన్‌చీసీ అంతకన్నా పనికొచ్చే మాట చెప్పాడు. మందులతో కాలక్షేపం చేయకుండా రోగం సోకిన పశువులను చంపి పాతిపెట్టాలని, పశువుల రాకపోకలను ఆపాలని, మాట వినని వాళ్లను కఠినంగా శిక్షించాలని సూచించాడు. ఈ పద్ధతి పనిచేసింది. అయితే ఇందులో రైతు నేర్చుకోవాల్సింది ఏమీ లేదు, భయపడటం తప్ప.

బోధన వైపు మొదటి అడుగు ఫ్రాన్సులో పడింది. లియోన్ నగరంలో గుర్రపు స్వారీ పాఠశాల నడిపిన క్లోద్ బూర్జెలా 1761లో అనుమతి సంపాదించి ప్రపంచంలో మొదటి పశువైద్య పాఠశాల పెట్టాడు. దానికి రాజుగారి అండ దొరకడానికి ముఖ్య కారణం పశువుల ప్లేగే. చదువు పూర్తికాకముందే అక్కడి విద్యార్థులను రోగం పడిన పల్లెలకు పంపేవారు. చేస్తూ నేర్చుకోవడమన్నది విద్యా మనోవిజ్ఞానంలో సూత్రంగా స్థిరపడక ముందే ఇక్కడ ఆచరణలోకి వచ్చింది.

శతాబ్దం తర్వాత, 1865లో రోగం లండన్‌ను తాకినప్పుడు అక్కడి పండితులు చెడుగాలి సిద్ధాంతం మీద వాదులాడుకుంటూ నెలలు గడిపారు. 1866లో వధ, దిగ్బంధం చట్టం వచ్చాకే అది అదుపులోకి వచ్చింది. అప్పటికే లక్షల్లో పశువులు పోయాయి.

ముక్తేశ్వర్

భారతదేశంలో చంపి పాతిపెట్టే పద్ధతి సాగేది కాదు. గోవధ మీద ఉన్న నిషేధ భావన ఒక కారణం. ఉన్న ఒక్క జత ఎద్దులను చంపుకుంటే రైతుకు ఆ ఏడు సేద్యమే ఉండదన్నది అంతకన్నా పెద్ద కారణం. అందుకే ఇక్కడి పరిశోధన మొదటి నుంచీ పశువుకు రక్షణ ఇవ్వడం మీదే నడిచింది. హాలెన్ ఆధ్వర్యంలోని పశువుల ప్లేగు విచారణ సంఘం 1871లో నివేదిక ఇచ్చింది. 1889లో పూణేలో ఇంపీరియల్ బ్యాక్టీరియలాజికల్ లాబొరేటరీ మొదలైంది. ఆల్‌ఫ్రెడ్ లింగార్డ్ దాని మొదటి అధిపతి. ఊళ్ల మధ్య ఇంత అంటురోగంతో ప్రయోగాలు ప్రమాదమని 1893లో దాన్ని కుమావూ కొండల్లో, ఏడు వేల అడుగులకు పైన ఉన్న ముక్తేశ్వర్‌కు తరలించారు. నేటి భారతీయ పశువైద్య పరిశోధన సంస్థకు మూలం అదే.

అదే కాలంలో ఆఫ్రికా నాశనమైంది. 1887లో ఇటలీ సైన్యం కోసం దిగుమతి చేసిన పశువులతో ఎరిత్రియా తీరానికి చేరిన రోగం, పదేళ్లలో ఖండం దక్షిణపు కొన దాకా పాకింది. ఇథియోపియాలో దున్నే ఎద్దులు లేక వచ్చిన కరువులో జనాభాలో మూడో వంతు పోయి ఉంటారని చరిత్రకారుల అంచనా. దక్షిణాఫ్రికాలోని కేప్ కాలనీ ప్రభుత్వం ఆహ్వానం మీద రాబర్ట్ కోఖ్ 1896 చివర్లో కింబర్లీకి వచ్చాడు. రోగంతో చచ్చిన పశువు పిత్తాన్ని ఆరోగ్యంగా ఉన్న పశువుకు ఎక్కించే పద్ధతిని 1897లో ప్రకటించాడు. ఈలోపు అధికారులు రోగం లేని మందలను కూడా కాల్చి చంపడంతో, రోగాన్ని తెల్లవాళ్లే తెచ్చిపెట్టారన్న మాట నల్లజాతి పశుపాలకుల్లో బలంగా పాకింది. తర్వాతి తరాల విస్తరణ అధికారులు ఇలాంటి అనుమానాన్ని అజ్ఞానం కింద జమకట్టారు. నిజానికి ఆ కాపరులు కళ్లారా చూసిన దాని నుంచి నేర్చుకున్న పాఠం అది.

1899 నుంచి ముక్తేశ్వర్‌లో రోగ నిరోధక రక్తరసి (సీరం) తయారైంది. అది ఇచ్చే రక్షణ కొద్ది వారాలే. 1902లో ఇస్తాంబుల్‌లో మోరిస్ నికోల్, ఆదిల్ బే ఈ రోగకారకం బ్యాక్టీరియాను ఆపే వడపోత గుండా కూడా దాటిపోతుందని తేల్చారు. అంటే అది వైరస్. 1920ల్లో ముక్తేశ్వర్‌లో జె.టి. ఎడ్వర్డ్స్ ఆ వైరస్‌ను మేకల్లో వరుసగా పెంచుతూ పోయి, పశువులను చంపే గుణం తగ్గిన టీకాను సాధించాడు. దేశంలో కోట్ల పశువులకు వేసింది ఈ మేక టీకానే. ఆ వైరస్‌లో రోగం కలిగించే గుణం పూర్తిగా పోలేదు. నాటు పశువులు తట్టుకున్నా, గేదెలకు, విదేశీ సంకర జాతులకు జ్వరం గట్టిగానే వచ్చేది, పాలు పడిపోయేవి. అలా పాలు పోగొట్టుకున్న రైతు, మరుసటి ఏడు టీకా బృందం ఊళ్లోకి వస్తే గేదెను పొలానికి తోలుకుపోవడంలో వింతేముంది?

ఇక్కడ ఒక సంఘటన చెప్పుకోవాలి. 1920లో భారతదేశం నుంచి బ్రెజిల్‌కు ఓడలో వెళ్తున్న మూపురం పశువులు దారిలో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో దిగాయి. వాటితో రోగం ఐరోపాలో మళ్లీ అడుగుపెట్టింది. ఆ కంగారులో 1924లో 28 దేశాలు కలిసి పారిస్‌లో అంతర్జాతీయ పశురోగ కార్యాలయాన్ని స్థాపించాయి. నేటి ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ అదే.

టీకా దొరికాక

కెన్యాలోని ముగుగా ప్రయోగశాలలో వాల్టర్ ప్లోరైట్, ఆర్.డి. ఫెరిస్ దూడ మూత్రపిండ కణాల్లో వైరస్‌ను పెంచి 1960 ప్రాంతంలో కొత్త టీకా తెచ్చారు. చౌక, ఏ జాతి పశువుకైనా క్షేమం, ఒక్క సూదితో జీవితాంతం రక్షణ. ప్లోరైట్‌కు 1999లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ఈ టీకా బలంతో ఆఫ్రికాలో 1962 నుంచి 1976 దాకా జేపీ-15 అనే ఉమ్మడి కార్యక్రమం నడిచింది. రోగం దాదాపు కనుమరుగైంది. డబ్బు, శ్రద్ధ తగ్గగానే 1980ల మొదట్లో మళ్లీ విరుచుకుపడింది. టీకా చల్లదనం తప్పితే చెడిపోయేది. రోడ్డు లేని చోట్లకు ఐసుపెట్టెతో జీపు వెళ్లలేదు. వైరస్ సరిగ్గా ఆ రోడ్డు లేని చోట్లే దాక్కుంది.

పెద్దలు ఎలా నేర్చుకుంటారన్న పరిశోధన అప్పటికి వేరే దారిలో చాలా దూరం వచ్చింది. వయసు మీరినవాళ్లు నేర్చుకోలేరన్న నమ్మకాన్ని ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1928లోనే ప్రయోగాలతో తోసిపుచ్చాడు. 1943లో ర్యాన్, గ్రాస్ అయోవా రాష్ట్రంలో హైబ్రిడ్ మొక్కజొన్న మీద చేసిన అధ్యయనంలో, కొత్త విత్తనం గురించి రైతుకు చెప్పేది అమ్మకందారైనా, దాన్ని వేసేలా చేసేది పక్క రైతు అనుభవమేనని తేలింది. పెద్దలు తమ అనుభవం మీదనే కొత్త జ్ఞానాన్ని కట్టుకుంటారని, అప్పటికప్పుడు అక్కరకొచ్చేదే నేర్చుకుంటారని 1970ల్లో మాల్కమ్ నోల్స్ సూత్రీకరించాడు. అభ్యాసకుణ్ణి ఖాళీ పాత్రగా చూసే చదువును బ్రెజిల్ విద్యావేత్త పావ్లో ఫ్రేరీ తూర్పారబట్టాడు. గ్రామీణాభివృద్ధిలో నిపుణుడే శిష్యుడు కావాలని రాబర్ట్ ఛాంబర్స్ 1983 నుంచి వాదించాడు. పశువైద్యానికి ఈ ఆలోచనలు ఆలస్యంగా చేరాయి.

1990 ప్రాంతంలో జెఫ్రీ మారినర్ బృందం ప్లోరైట్ టీకాను ఐసు లేకుండా దాదాపు నెల రోజులు నిలిచేలా మలిచింది. దాంతో టీకాను వీపు మీద మోసుకుని మందల వెంట నడవడం వీలైంది. నడిచేవాళ్లు ఎవరు? రోడ్డు లేని చోట్ల నెలల తరబడి తిరగగలిగింది కాపరులే. సూడాన్ దక్షిణ ప్రాంతంలో, ఇథియోపియాలోని అఫార్‌లో సమాజమే ఎంచుకున్న కాపరులకు కొద్ది రోజుల శిక్షణ ఇచ్చి సూది చేతిలో పెట్టారు. చాలామందికి చదవడం రాదు. ఉపన్యాసం బదులు వాళ్లకు తెలిసిన రోగాలనే ఒక్కొక్కటిగా చెప్పించి, వాటి మీద చర్చించి, ఆ వెంటనే మందలో పని చేయించేవారు. 1994లో అఫార్‌లో ఇరవై మంది 70 వేలకు పైగా పశువులకు టీకా వేశారు. యుద్ధం నడుస్తున్న దక్షిణ సూడాన్‌లో ఏటా పది లక్షలు దాటాయి. చదువుకున్న పశువైద్యుల్లో చాలామంది దీన్ని వ్యతిరేకించారు. అక్షరం రానివాడి చేతికి సూదేమిటన్నది వాళ్ల ప్రశ్న. అఫార్‌లో 1995 తర్వాత రోగం కనిపించకపోవడమే దానికి జవాబు.

ఆ తర్వాత గురుశిష్యుల స్థానాలే తారుమారయ్యాయి. సోమాలీ ప్రాంతంలో తేలికపాటి రోగంగా తిరుగుతున్న ఒక వైరస్ వంశాన్ని వెతకడానికి పరిశోధకులు కాపరులతో కూర్చున్నారు. ఏ లక్షణం ముందు వస్తుంది, ఏ ఏడాది ఏ దారిలో వచ్చింది అని అడిగి, గులకరాళ్లు పంచిపెట్టించి రోగాల తీవ్రతను అంచనా వేశారు. భాగస్వామ్య వ్యాధి పరిశోధన అన్న శాఖ ఇలా స్థిరపడింది. చివరిగా నమోదైన కేసు 2001లో, కెన్యాలోని మేరు జాతీయ పార్కులో ఒక అడవి దున్నలో.

భారతదేశం, తెలుగు నేల

జాతీయ ముసర వ్యాధి నిర్మూలన కార్యక్రమం 1954లో మొదలైంది. ఉత్తరాన త్వరగా ఫలితాలు వచ్చినా, ఆంధ్రప్రదేశ్ సహా దక్షిణాది రాష్ట్రాల్లో రోగం మొండికేసింది. 1992లో ఐరోపా సాయంతో దేశాన్ని మండలాలుగా విడగొట్టి, గుడ్డిగా అందరికీ టీకాలు వేసే పద్ధతి నుంచి నిఘాకు మారారు. చివరి రోగం 1995లో తమిళనాడులో కనిపించింది. 2006లో దేశానికి రోగరహిత గుర్తింపు దక్కింది.

దక్షిణాదిలో ఇంకో చిక్కుముడి కూడా ఉండేది. గొర్రెలు, మేకలకు పారుడు, నోటి పూత పడితే వైద్యులు దాన్ని ముసర వ్యాధిగానే రాసుకునేవారు. 1987లో తమిళనాడులోని అరసూరు గొర్రెల్లో దొరికిన వైరస్ పీపీఆర్ అని తేలింది. మనసులో ముందే ఉన్న పేరు కొత్తదాన్ని చూడనివ్వకపోవడం నిపుణులకూ తప్పదని చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

ఊరి మనిషికే శిక్షణ ఇచ్చే పద్ధతి తెలుగు రాష్ట్రాల్లో 2000 తర్వాత గోపాలమిత్రలుగా, ఆపై మహిళా సంఘాల పశు సఖులుగా కనిపిస్తుంది. వీళ్లలో ఎక్కువమందికి అప్పగించింది ఎద సూదులు, మందుల పంపిణీ, ప్రాథమిక చికిత్స వంటి పనులే. రోగ నిఘాలో వాళ్ల మాటకు ఇవ్వాల్సిన విలువ ఇంకా ఇవ్వలేదు. 2015లో ప్రపంచ దేశాలు పీపీఆర్‌ను 2030 నాటికి నిర్మూలించాలని తీర్మానించుకున్నాయి. అందుకు భారతదేశంలో వాడుతున్న టీకా కూడా ముక్తేశ్వర్‌లోనే తయారైంది.