కనీస వేతనము – 1957 నాటి కొలబద్ద

నెల మొదటి తేదీన పచారీకొట్టు బాకీ తీర్చిన గృహిణియే ఇరువదియవ తేదీకి మరల అదే కొట్టులో అరువు అడుగవలసి వచ్చుట చిరుద్యోగుల ఇండ్లలో తరతరములుగా చూచిన దృశ్యము. ఈ ఇరుకు ఇంటివారి దుబారా వలన కలిగినదా, లేక జీతమే చాలనిదా? చాలుట యనగా ఎంత? ఈ చిన్న ప్రశ్నకు అంకెలలో సమాధానము చెప్పుటకు స్వతంత్ర భారతదేశము చేసిన ప్రయత్నమే కనీస వేతన వివాద చరిత్ర. అందు కేంద్రప్రభుత్వ ఉద్యోగుల పాత్ర మిక్కిలి పెద్దది.

1946లో నాటి ప్రభుత్వమున కార్మిక సభ్యుడుగా నుండిన డాక్టర్ అంబేద్కరు కనీస వేతనముల బిల్లును శాసనసభలో ప్రవేశపెట్టిరి. అది 1948లో చట్టమైనది. కొన్ని వృత్తులలో కనీస వేతనమును ప్రభుత్వములు నిర్ణయింపవలెనని ఆ చట్టము విధించినది గాని, ఆ కనీసమును దేనితో కొలువవలెనో చెప్పలేదు. అదే కాలమున నియమింపబడిన ఒక సంఘము 1949లో మూడు మెట్లను వివరించినది. అన్నిటికంటె పైది జీవన వేతనము. అడుగున నుండునది కనీస వేతనము. ఆ రెంటి నడుమ, పరిశ్రమ ఇచ్చుకొనగల శక్తిని బట్టి నిలుచునది సముచిత వేతనము. కనీస వేతనమనగా ప్రాణము నిలుపుకొనుటకు మాత్రమే కాక, కొంత చదువునకు, వైద్యమునకు, పనిచేయు శక్తిని కాపాడుకొనుటకు సరిపోవలెనని ఆ సంఘము స్పష్టముగా చెప్పినది. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము జీవన వేతనమును ఆదేశసూత్రములలో చేర్చినది. ఇట్లు ఆశయము ఏర్పడినది. అంకె మాత్రము ఏర్పడలేదు.

ప్రభుత్వోద్యోగులకు అంకె అంతకుముందే వచ్చినది. శ్రీ వరదాచారియారు అధ్యక్షతన పనిచేసిన మొదటి వేతన సంఘము 1947లో అట్టడుగు ఉద్యోగికి మూలవేతనము 30 రూపాయలు, కరవుభత్యము 25 రూపాయలు, వెరసి 55 రూపాయలు సిఫారసు చేసినది. ధరలు పెరిగినకొలది ఆ మొత్తము చాలక, అసంతృప్తి ప్రబలెను.

ఈ కాలమున కార్మికశాఖను నిర్వహించిన వారిలో తెలుగువారైన శ్రీ వరాహగిరి వెంకటగిరి ఒకరు. రైల్వే కార్మికోద్యమమున తలపండిన ఆయన 1952లో కేంద్ర మంత్రియైరి. బ్యాంకు ఉద్యోగుల విషయమున అప్పిలేటు ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము సవరించుటకు నిరసనగా 1954లో పదవిని విడిచిరి. కార్మికుని వేతనమును న్యాయస్థానము తూచిన తరువాత, ప్రభుత్వము తక్కెడను మార్చవచ్చునా యను ప్రశ్న ఆనాడు దేశమెల్ల వినబడెను. అదియే ప్రశ్న మరియొక రూపమున త్వరలోనే ప్రభుత్వోద్యోగులకును ఎదురయ్యెను.

1957 జూలైలో కొత్తఢిల్లీలో 15వ భారత కార్మిక సమావేశము జరిగినది. ప్రభుత్వ ప్రతినిధులు, యజమానులు, కార్మికులు ముగ్గురును కూర్చుండిన ఆ సభలో, కనీస వేతనము అవసరములపై ఆధారపడవలెనని అందరును అంగీకరించిరి. తెలుగువాడు నిత్యము పలుకు కూడు, గుడ్డ, గూడు అను మూడు మాటలకే ఆ సభ కొలతలు వ్రాసినదనవచ్చును.

సంపాదించువాడు ఒక పాలు, భార్య ఎనిమిది పదియవవంతులు, ఇద్దరు బిడ్డలు ఒక్కొక్కరు ఆరు పదియవవంతులు – ఇట్లు కుటుంబము మూడు పాళ్లని లెక్కించిరి. స్త్రీల, బాలుర సంపాదనను లెక్కలోనికి తీసికొనరాదని నియమించిరి. ఆహారమునకు డాక్టర్ అక్రాయిడ్ సూచనలను ప్రమాణముగా గైకొనిరి. ఆ ప్రకారము మితమైన శ్రమ చేయు వయోజనునకు దినమునకు 2,700 కేలరీలు కావలెను. అక్రాయిడ్ కూనూరులోని పోషకాహార పరిశోధనాలయమునకు అధిపతిగా పనిచేసినవారు. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, తరువాత జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధమైనది.

బట్టకు మనిషికి ఏటికి 18 గజములు, నలుగురికి 72 గజములు. ఇది విలాసము కాదు. ఆరు గజముల చీరలు రెండు కొన్నచో, మిగిలిన ఆరు గజములలోనే రవికెలును, పక్కదుప్పటియు, తువాలును సర్దుకొనవలెను. ఇంటికి, ప్రభుత్వ పారిశ్రామిక గృహ పథకము క్రింద వసూలు చేయు కనీసపు అద్దె. వంటచెరకు, దీపము, చిల్లర ఖర్చులకు మొత్తము వేతనములో ఐదవవంతు.

ఈ కొలతల కంటెను ముఖ్యమైన వాక్యము తీర్మానమున మరియొకటి కలదు. ఎక్కడనైనను ఈ ప్రమాణమునకు తక్కువగా వేతనము నిర్ణయించినచో, అందుకు కారణములు చూపవలసిన బాధ్యత నిర్ణయించిన అధికారులదే. అంతవరకు తనకు చాలదని నిరూపించుకొనవలసినవాడు కార్మికుడు. ఇకమీదట తక్కువ ఇచ్చుటకు సమాధానము చెప్పవలసినవాడు ఇచ్చువాడు. నిరూపణ భారము ఒక భుజమునుండి మరియొక భుజమునకు మారినది.

ఆ భారమును మొదట మోయవలసి వచ్చినది ప్రభుత్వమే. 1957 ఆగస్టులో జస్టిస్ జగన్నాథదాసు అధ్యక్షతన రెండవ వేతన సంఘము ఏర్పడినది. ఈ కొలబద్దనే తమకును వర్తింపజేయవలెనని ఉద్యోగులు కోరిరి. ఆ లెక్కన కనీస వేతనము సుమారు 125 రూపాయలు కావలసి యుండెను. అయితే ఆ తీర్మానములు సమావేశపు సిఫారసులే గాని ప్రభుత్వ నిర్ణయములు కావని ఆర్థికశాఖ సంఘమునకు తెలిపెను. 1959లో సంఘము మూలవేతనము 70, కరవుభత్యము 10, వెరసి 80 రూపాయలు మాత్రమే సిఫారసు చేసెను.

సంఘము వాదమును తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. దేశపు తలసరి ఆదాయము మిక్కిలి స్వల్పము. వ్యవసాయ కూలీకి ఆపాటియైనను దక్కుట లేదు. ప్రణాళికలకు ధనము కావలెను. దేశము భరింపజాలని వేతనమును కాగితముపై వ్రాసిన ప్రయోజనమేమి? ఉద్యోగుల సమాధానమును అంతే బలమైనది. పరిశ్రమాధిపతులను ఒప్పించి చేయించిన నియమమును ప్రభుత్వమే తన సేవకుల విషయమున పాటింపనిచో, ఇక ఎవరు పాటింతురు? పైగా కనీస వేతనమును చెల్లింపజాలని పరిశ్రమకు మనుగడ హక్కు లేదని ఆ రోజులలోనే సుప్రీంకోర్టు ప్రకటించి యుండెను.

సంప్రదింపులు ఫలింపలేదు. 1960 జూలై 11 అర్ధరాత్రి, ఢిల్లీ సమావేశము జరిగిన మూడేండ్లకు, రైల్వే, తంతి తపాలా, రక్షణశాఖ పౌర ఉద్యోగులు తదితరులు దేశవ్యాప్తముగా సమ్మె ప్రారంభించిరి. ప్రభుత్వము అంతకుముందే ఆర్డినెన్సుతో సమ్మెను నిషేధించి యుండెను. అయిదు దినముల పిమ్మట, జూలై 16న, ఏ హామీయు లేకయే సమ్మె ముగిసెను. వేలకొలది ఉద్యోగులు అరెస్టయిరి. అనేకులు కొలువు కోల్పోయిరి. సంఘములకు గుర్తింపు రద్దయినది. 1966లో సంయుక్త సంప్రదింపుల వ్యవస్థ ఏర్పడినది గాని, కనీస వేతనపు కోరికను మధ్యవర్తి తీర్పునకు పంపుటకు ప్రభుత్వము సమ్మతింపలేదు. 1968 సెప్టెంబరు 19న జరిగిన ఒక్కనాటి సమ్మెలో కొందరు ఉద్యోగులు ప్రాణములే కోల్పోయిరి.

సమ్మెలు ఓడినవి గాని కొలబద్ద చెరగలేదు. 1973లో మూడవ వేతన సంఘము 185 రూపాయలు సూచింపగా, ప్రభుత్వము 196గా నిర్ణయించినది. 1991లో సుప్రీంకోర్టు 1957 నాటి అయిదు అంశములకు ఆరవదానిని చేర్చినది: పిల్లల చదువు, వైద్యము, వినోదము, పండుగలు, వృద్ధాప్యము, పెండ్లి మున్నగువాటికై కనీస వేతనములో నాల్గవవంతు ఉండవలెను. చివరకు 2015లో ఏడవ వేతన సంఘము ఆ కార్మిక సమావేశపు సూత్రమునే చేతబట్టి, బియ్యము, పప్పు, పాలు, బట్ట ధరలు కట్టి, నెలకు 18,000 రూపాయలను సిఫారసు చేసినది. అది 2016 జనవరి 1 నుండి వర్తించినది. ఉద్యోగులు అదే సూత్రముతో 26,000 కోరిరి. అంకెపై తగవు మిగిలినది గాని కొలతపై తగవు తీరినది. 1959లో ఆచరణసాధ్యము కాదనిన మార్గముననే ఏబదియారేండ్లకు మరియొక సంఘము నడచినది.

అయినను ఆ మూడు పాళ్ల కుటుంబమున వృద్ధులైన తల్లిదండ్రులకు పాలు లేదు. పెక్కు ఇండ్లలో నాయనమ్మ తినుచున్న అన్నము ఆ లెక్కలోనిది కాదు. వేతన సంఘపు అంకె స్థిరోద్యోగి వరకే నిలిచినది. అదే కార్యాలయమును ఊడ్చు కాంట్రాక్టు కార్మికునకు అది వర్తింపలేదు. తక్కువ ఇచ్చువాడే కారణము చెప్పవలెనని 1957లో వ్రాసిన వాక్యము, అట్టివాని విషయమున అడిగినప్పుడే సార్థకమగును. 1960 జూలైలో కొలువులు పోగొట్టుకొనినవారు అడిగినది తమ ఒక్కరి అన్నము కాదు. అన్నమునకు ఒక కొలత.