ఉన్నితో బొమ్మ గీసిన ఏలూరు

రీల్స్‌లో చూస్తుంటారు కదా, రంగురంగుల ఉన్ని పరిచి, సన్న సూదితో టకటకా పొడుస్తూ పిట్టనో, కొండనో తయారు చేసేస్తారు. నీడిల్ ఫెల్టింగ్, వూల్ పెయింటింగ్ అంటారు. కుంచె ఉండదు, రంగంతా ఉన్నిలోనే. పద్ధతి వేరే గానీ, ఉన్నితో బొమ్మ వేసే పని బెజవాడకి ఓ అరవై కిలోమీటర్ల దూరంలో, మన ఏలూరులో, వందల ఏళ్ళ కిందటే ఉంది. తివాచీల రూపంలో.

1679కి వెళ్దాం. గోల్కొండలో తానీషా పాలన. అవును, రామదాసు కథలో తానీషానే. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ పెద్ద స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ బందరు వైపు పర్యటనకి వచ్చి, ఏలూరు కూడా చూశాడు. ఆయనకి డైరీ రాసే అలవాటు. పర్షియా తరహా మంచి తివాచీలు ఇక్కడ నేస్తున్నారని, నేసేవాళ్ళ పూర్వీకులు వందేళ్ళకి ముందే పర్షియా నుంచి వచ్చారని వాళ్ళే చెప్పినట్టు రాసుకున్నాడు.

నాకు అసలు పట్టుకున్నది ఆ తర్వాతి ముక్క. మగ్గం నిలువుగా ఉంది. ముందు కూర్చుని ముడులు వేస్తున్నది పిల్లలు. తివాచీ వెనక వైపు నిలబడి ఒక మనిషి, చేతిలో కాగితం మీద గీసిన డిజైన్. ఏ రంగు దారం ఎంత వెయ్యాలో ఆయన చెప్తుంటే పిల్లలు వేస్తున్నారు. వేశాక కత్తెరతో కత్తిరించి తర్వాతి దానికి వెళ్తున్నారు. ఫోన్ స్క్రీన్ మీద పిక్సెల్స్ ఉంటాయి చూడండి, ఇక్కడ ఒక్కో ముడీ ఒక పిక్సెల్. కాకపోతే ప్రతి పిక్సెల్ వెనకా ఓ చిన్న చెయ్యి ఉంది. అందాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ మాట దాటేయడం నాకిష్టం లేదు. ఆ పిల్లల్లో ఒక్కరి పేరు కూడా మనకి తెలీదు.

ఇంకో ముచ్చట. జపాన్‌లో క్యోటో ఊళ్ళో ఏటా జూలైలో గియోన్ ఉత్సవం. మన రథాల్లాంటి వాటికి పాత తివాచీలు వేలాడదీస్తారు. వాటిలో కొన్ని దక్కన్ నేత అని నిపుణులు గుర్తించారు. అప్పట్లో జపాన్‌లో వ్యాపారానికి అనుమతి ఉన్న యూరోపియన్లు డచ్చివాళ్ళే. వాళ్ళకి బందరులో కోఠీ ఉండేది.

మరి ఇంత పని ఎలా దిగజారింది? 1880లో జార్జ్ బర్డ్‌వుడ్ భారతీయ హస్తకళల మీద పుస్తకం రాశాడు. ఇంగ్లీషువాడే, కానీ తప్పు తనవాళ్ళ మీదే పెట్టాడు. ఒకప్పుడు దేశంలోనే మేలైన బందరు తివాచీలు ఇంగ్లీషు వ్యాపారుల వల్లే చెడ్డాయన్నాడు. చవగ్గా కావాలి, త్వరగా కావాలి అని వాళ్ళే తక్కువరకం సరుకు నేతగాళ్ళకి అంటగట్టారట. అడుగున ఇంగ్లీషు పురికొస వచ్చి చేరింది. పువ్వుకీ ఆకుకీ మధ్య రంగుల్ని కలిపే సన్నటి అంచు గీత ఉండేదే, అది పోయింది. ఆలోచించండి, రేటు తగ్గించాలంటే ముందు పోయేది ఆ గీతే. దాన్ని వెయ్యడానికే ఎక్కువ టైం పడుతుంది మరి.

మీ ఇంట్లోనో, అమ్మమ్మ వాళ్ళింట్లోనో పాత ఉన్ని తివాచీ ఉంటే ఒకసారి తిరగేసి చూడండి. చేత్తో నేసిందైతే పైనున్న బొమ్మే వెనక కూడా చుక్కచుక్కగా కనిపిస్తుంది. ఒక్క అంగుళంలో ఎన్ని ముడులున్నాయో లెక్కపెట్టి కామెంట్‌లో పెట్టండి.