పాటలోని ఊరి పేరే అడ్రస్ అయింది.. 35 ఏళ్ల తర్వాత దొరికిన బ్లూస్ గాయకుడు.. ఎవరీ మిసిసిపి జాన్ హర్ట్?

1928లో ఓ కంపెనీ ఆయన పాటలు రికార్డు చేసింది. అవి పెద్దగా అమ్ముడుపోలేదు. అంతే.. గిటార్ పక్కనపెట్టి మళ్లీ పొలం పనులకు వెళ్లిపోయారు. 35 ఏళ్ల తర్వాత ఆ పాత పాటల్లోని ఒకటే ఆయన ఎక్కడున్నారో చెప్పేసింది. అమెరికా బ్లూస్ సంగీతంలో మిసిసిపి జాన్ హర్ట్‌ది నిజంగా సినిమా కథే.

బ్లూస్ అంటే అమెరికా దక్షిణాది పత్తి చేలల్లో చెమటోడ్చిన నల్లజాతి కూలీల బతుకుల్లోంచి పుట్టిన పాట. హర్ట్ కూడా ఆ చేలల మనిషే. మిసిసిపి రాష్ట్రం కారోల్ కౌంటీలోని టియోక్‌లో పుట్టారు. పుట్టిన ఏడాది 1892 అని కొందరు, 1893 అని కొందరు అంటారు. పెరిగింది మాత్రం అవలాన్ అనే చిన్న పల్లెలో. తొమ్మిదేళ్లప్పుడే గిటార్ పట్టారు. నేర్పిన గురువంటూ ఎవరూ లేరు.

బహుశా అందుకేనేమో, ఆ వాయింపు మరెవరిలానూ ఉండదు. బొటనవేలు లావు తీగల మీద తాళం తప్పకుండా నడుస్తూ ఉంటుంది. మిగతా వేళ్లు సన్న తీగల మీద పాట పలికిస్తాయి. కళ్లు మూసుకుని వింటే ఇద్దరు వాయిస్తున్నారేమో అనిపిస్తుంది. ఇక గొంతు మరీ మెత్తన. మిసిసిపి బ్లూస్ అనగానే గుండెలు పిండే కేకలు గుర్తొస్తాయి కదా! హర్ట్ మాత్రం అరుగు మీద కూర్చుని కబుర్లు చెబుతున్నట్టే పాడతారు.

ఛాన్స్ ఎలా వచ్చిందంటే.. ఆ చుట్టుపక్కల విల్లీ నార్మర్ అనే తెల్లజాతి ఫిడేలు కళాకారుడు ఉండేవారు. ఆయన జోడీ రాని రోజుల్లో హర్ట్ గిటార్ వాయించేవారు. ఓకే రికార్డ్స్ కంపెనీకి హర్ట్ గురించి చెప్పింది ఆయనే. 1928 ఫిబ్రవరిలో మెంఫిస్‌లో ఎనిమిది పాటలు రికార్డు చేశారు. బయటికొచ్చినవి రెండే. డిసెంబర్‌లో న్యూయార్క్ పిలిపించి మరికొన్ని పాడించారు. పేరుకు ముందు 'మిసిసిపి' తగిలించింది కూడా కంపెనీయే. ఆ మహానగరంలో కూర్చుని పాడిన 'అవలాన్ బ్లూస్'లో హర్ట్ తన సొంతూరి పేరు చెప్పుకున్నారు. మరుసటి ఏడాది స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. రికార్డుల వ్యాపారం దెబ్బతింది. ఆయనకు మళ్లీ పిలుపు రాలేదు.

1952లో హ్యారీ స్మిత్ అనే సేకర్త పాత రికార్డులన్నీ ఏరి తెచ్చిన సంకలనంలో హర్ట్ పాటలు రెండు చేర్చారు. కుర్రకారు వాటిని విని వెర్రెత్తిపోయింది. కానీ పాడిన మనిషి ఎక్కడ? ఉన్నాడా, పోయాడా? 'అవలాన్ బ్లూస్' విన్న డిక్ స్పాట్స్‌వుడ్ అనే రికార్డుల ప్రియుడు ఆ ఊరి కోసం మ్యాపులు తిరగేశారు. కొత్తవాటిలో కనిపించలేదు. చివరికి పాత అట్లాస్‌లో దొరికింది.

1963లో టామ్ హాస్కిన్స్ అనే యువకుడు కారులో అక్కడికి వెళ్లారు. కొట్టు దగ్గర అడిగితే దారి చూపించేశారు. ఊరికి ఆయన ఎప్పుడూ తప్పిపోలేదు మరి! తలుపు తీసిన హర్ట్ మాత్రం హడలిపోయారు. వచ్చింది ఎఫ్‌బీఐ వాళ్లేమో అనుకున్నారు. భయపడ్డారంటే ఆశ్చర్యం లేదు. పౌరహక్కుల నేత మెడ్గర్ ఎవర్స్‌ను అదే రాష్ట్రంలో కాల్చి చంపింది ఆ ఏడాదే. అప్పటికి హర్ట్ దగ్గర సొంత గిటార్ కూడా లేదు. వచ్చినవాళ్లు తెచ్చిన గిటార్ ఇస్తే.. వేళ్లు ఏదీ మర్చిపోలేదు.

ఆ వేసవిలోనే న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో వేల మంది ముందు పాడారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆయన పాటలు రికార్డు చేసింది. కాలేజీలు, కాఫీహౌస్‌లు, జానీ కార్సన్ టీవీ షో.. ఒకదాని వెంట ఒకటి. 'లవిన్ స్పూన్‌ఫుల్' అనే రాక్ బ్యాండ్‌కు ఆ పేరు వచ్చింది ఆయన 'కాఫీ బ్లూస్' నుంచే.

కీర్తి అందిన కాలం మాత్రం మూడేళ్లే. 1966 నవంబర్ 2న మిసిసిపిలోని గ్రెనడాలో గుండెపోటుతో కన్నుమూశారు. ఆయన 'టుడే!' ఆల్బమ్ ఇప్పుడు అమెరికా జాతీయ రికార్డింగుల జాబితాలో ఉంది. ఆయన ఉన్న చిన్న ఇంటిని మనవరాలు మ్యూజియంగా మార్చారు. 2024 ఫిబ్రవరిలో అది మంటల్లో కాలిపోయింది.