జనవరి 27: బ్రిటన్‌లో నరమేధ మృతుల స్మారక దినం

బ్రిటన్‌లో ఏటా జనవరి 27న హోలోకాస్ట్ మెమోరియల్ డే పాటిస్తారు. 1945లో అదే రోజున సోవియట్ సైన్యం ఆష్‌విట్జ్ శిబిరంలోని ఖైదీలను విడిపించింది. ఇక్కడ ఈ ఆనవాయితీ 2001లో మొదలైంది. 2005లో ఐక్యరాజ్యసమితి కూడా అదే తేదీని ప్రకటించింది.

నాజీలు చంపిన 60 లక్షల మంది యూదులతో పాటు రోమా ప్రజలనూ, వికలాంగులనూ, ఆ తర్వాత కంబోడియా, రువాండా, బోస్నియా, డార్ఫర్‌లలో బలైనవారినీ ఆ రోజు తలచుకుంటారు.

టౌన్ హాళ్లలో, లైబ్రరీల్లో సభలుంటాయి. చాలావాటికి టికెట్ ఉండదు. మీ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో వివరాలు చూడండి. రాత్రి 8 గంటలకు ఇంటి కిటికీలో కొవ్వొత్తి వెలిగిస్తారు.

మనకేం సంబంధంలే అని నేను చాలా ఏళ్లు వెళ్లలేదు. స్కూల్లో పాఠం విని వచ్చిన మా అమ్మాయి, "పక్కింటివాళ్లే ఎలా చంపారు నాన్నా?" అని అడిగితే జవాబు తోచలేదు. ఆ ఏడు ఇద్దరం వెళ్లాం. రువాండా నుంచి బతికి వచ్చిన ఒకావిడ మాట్లాడారు. 1994లో కత్తుల కంటే ముందు రేడియోలో మాటలొచ్చాయట: టుట్సీలు మనుషులు కారు, బొద్దింకలని.

ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే కొన్ని జోకులు గుర్తొచ్చాయి. ఇప్పుడు వాటిని ఫార్వర్డ్ చేయను.

ఆష్‌విట్జ్ చూసినవాళ్లు ఇక కొద్దిమందే మిగిలారు. వీలైతే ఈసారి పిల్లలతో వెళ్లండి.