చేనిలో పుట్టిన కొండ

మన ఇండ్లలో మిరపకాయ లేని పూట లేదు. మొక్కజొన్న పొత్తు నిప్పుల మీద కాల్చుకొని తినని పిల్లవాడు అరుదు. ఈ రెండును మొదట మన దేశపు పంటలు కావు. అయిదు వందల సంవత్సరములకు లోపుగా సముద్రములు దాటి వచ్చి మన వంటయిండ్లలో స్థిరపడినవి. వాటి పుట్టిల్లు మెక్సికో ప్రాంతము. ఆ మెక్సికోలోని ఒక మొక్కజొన్న చేనిలో 1943వ సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీ సాయంకాలమున ఒక అగ్నిపర్వతము పుట్టినది. దాని పేరు పారీకుటిన్. భూగోళ పాఠ్యపుస్తకములలో ఆ పేరు మన పిల్లలు చదివియే యుందురు. కాని అది మొదట కొండ పేరు కాదు, ఊరి పేరు. కొండ ఊరిని మింగి, ఆ ఊరి పేరును తాను పెట్టుకొన్నది. మేము ఇక్కడ చెప్పదలచినది ఆ ఊరి కథ. దానితోపాటు దాని పొరుగూరి కథ.

మెక్సికో నగరమునకు పడమరగా సుమారు 320 కిలోమీటర్ల దూరమున, మిచోకాన్ రాష్ట్రములో, సముద్రమట్టమునకు 2,000 మీటర్లకు పైబడిన ఎత్తున ఒక పీఠభూమి ఉన్నది. అక్కడి ప్రజలు పూరేపెచలు. వారి భాషకు లోకములో తెలిసిన ఏ ఇతర భాషతోను చుట్టరికము కనబడలేదు. ఆ ప్రాంతమంతటను బోర్లించిన గంపల వలె చిన్న చిన్న కొండలు వేయికి పైగా ఉన్నవి. అవన్నియు అగ్నిపర్వతములే. వాటిలో చాలవరకు ఒకమారు రగిలి చల్లారిన పిమ్మట మరల రగిలినవి కావు. భూగర్భములోని అగ్ని తిరిగి పైకి వచ్చినప్పుడు పాత ద్వారమును విడిచి, మరొకచోట క్రొత్త ద్వారము తెరచుకొనును. అందుచేత అక్కడి రైతుకు కొండ అనగా పైన దేవదారు జాతి చెట్లు, క్రింద చేలు, అంతే. భయపడవలసిన వస్తువు కాదు.

ఆ కొండలు కక్కిన బూడిదయే వేల సంవత్సరములు నాని, మెత్తబడి, అక్కడి నేల అయినది. దుమ్ము వలె తేలికయైన ఆ మట్టిని పూరేపెచ రైతులు తుపురి అని పిలుతురు. దాని స్వభావము విచిత్రమైనది. ఎంత వాన కురిసినను నీరు పైన నిలువదు, వాగు కట్టదు, నేరుగా లోనికి దిగిపోవును. పీఠభూమిలో త్రాగు నీటికి ఎప్పుడును కటకటయే. కాని పై జానెడు మట్టి ఎండి దుమ్ముగా ఉన్నను, దాని క్రింద పదును నెలల తరబడి ఆరదు. అందువలన అక్కడి రైతు వానకొరకు ఎదురుచూడడు. జూన్‌లో వచ్చు వర్షములకు ముందే, మార్చి నెలలో, పై దుమ్మును తొలగించి లోపలి పదునులో విత్తనము వేయును. ఒక యేడు దున్నిన చేనిని మరు యేడు బీడు పెట్టి పశువులను తోలును. పంట, మేత, ఎరువు అన్నియు ఆ ఏర్పాటులో ఇమిడి ఉన్నవి.

ఇందులో మనకు పరిచయమైన సంగతి ఒకటి ఉన్నది. మన నల్లరేగడి కూడ అగ్నిసంతానమే. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కను మీద పారిన శిలాద్రవము గడ్డకట్టి, ఆ రాయి చివికి, వికారాబాదు, ఆదిలాబాదు ప్రాంతముల నల్లనేల అయినది. ఇంగ్లీషు గ్రంథములలో ఈ నేలకు వాడు ‘రెగర్’ అను మాట మన రేగడి నుండి పోయినదే. మన రేగడికి కోట్ల ఏండ్ల వయస్సు. వారి తుపురికి వేల ఏండ్లే. మన అగ్ని ఎన్నడో ఆరిపోయినది. వారి అగ్ని ఆరలేదు. తేడా అంతయు అక్కడ ఉన్నది.

పారీకుటిన్ చిన్న పల్లె. జనసంఖ్య 700కు కొంచెము పైన. దానికి ఉత్తరమున కొద్ది దూరములో సాన్ హువాన్ పరంగరికుటిరో అను పెద్ద ఊరు ఉండేది. అక్కడ సుమారు 2,000 మంది నివసించేవారు. మహిమ గల స్వామి అని పేరు పొందిన క్రీస్తు విగ్రహము ఆ ఊరి దేవాలయములో ఉండుటచేత దూరప్రాంతముల నుండి యాత్రికులు వచ్చి, దేవుని ఎదుట నృత్యము చేయుచు మ్రొక్కులు తీర్చుకొనేవారు. ఈ రెండు ఊళ్ళకును పొలిమేర తగవు ఉన్నది. పెద్ద ఊరు తన హద్దు ఇక్కడిదాక అన్నది. చిన్న ఊరు కాదన్నది. పొలిమేర తగవు ఎట్టిదో మన శ్రోతలలో పల్లెటూరి వారికి మేము వివరింపనక్కర లేదు.

పారీకుటిన్ రైతులలో డియోనిసియో పులిదో ఒకడు. అతని చేను పేరు కుయ్యుత్సిరో. ఆ చేనిలో ఎన్నో ఏండ్లుగా ఒక చిన్న బుంగ ఉండేది. అందులో ఎంత చెత్త వేసినను, ఎంత మట్టి పోసినను అది పూడలేదు. చిన్ననాడు దాని దగ్గర ఆడుకొన్న ఒక ముదుసలి, లోపలి నుండి రాళ్ళు దొర్లుచున్న చప్పుడు వినవచ్చేదనియు, చుట్టుప్రక్కల నేల వెచ్చగా ఉండేదనియు తరువాతి కాలములో జ్ఞాపకము చేసికొన్నది. అప్పుడు ఆ మాటను పట్టించుకొన్నవారు లేరు.

1943 ఫిబ్రవరి 5వ తేదీ నుండి భూమి కంపించుట మొదలైనది. నానాటికి అదురులు హెచ్చినవి. 19వ తేదీన ఒక్కనాడే సుమారు 300 సార్లు నేల కదలినది. అయినను మార్చి విత్తు దగ్గరపడుచున్నది, దుక్కి ఆగదు. 20వ తేదీన పులిదో భార్య పౌలాతోను, కొడుకుతోను, సాయము వచ్చిన దేమెత్రియో తొరాల్‌తోను చేనికి పోయినాడు. తొరాల్ ఎడ్లతో దున్నుచున్నాడు. సాయంకాలము నాలుగు గంటల వేళ పులిదో కొమ్మరెమ్మలు పోగు చేసి తగులబెట్టబోవుచు, ఆ పాత బుంగ దగ్గర నేల చీలి ఉండుట చూచినాడు. చీలిక లోతు మోకాలి బంటి కూడ లేదు. మరల తన పనికి తిరిగినాడు. ఇంతలో ఉరుము వంటి శబ్దము వినబడినది, చెట్లు వణకినవి, చీలిక దగ్గర భూమి రెండు మీటర్లకు పైగా ఉబ్బి పైకి లేచినది. బూడిద రంగు పొడి, పొగ, గంధకపు వాసన, పెద్ద బుస. పులిదో భార్యను, కొడుకును, ఎడ్లను వెదకినాడు, ఎవరును కనబడలేదు. ఆడ గుఱ్ఱమునెక్కి ఊరికి పరుగెత్తించినాడు. తనవారు అప్పటికే ఊరు చేరి, అతడు చనిపోయినాడని ఏడ్చుచుండిరి.

మరునాటి ఉదయమున అతడు వచ్చి చూచునప్పటికి చేనిలో పది మీటర్ల కొండ నిలిచి ఉన్నది. ఆ దినము గడచునప్పటికి అది దాదాపు 50 మీటర్లయినది. ఏడాది తిరుగునప్పటికి 330 మీటర్లు దాటినది. 1952 మార్చిలో చల్లారిన నాటికి చేని మట్టము మీద 424 మీటర్లు. మనుష్యుడు పుట్టుక మొదలు మరణము వరకు దగ్గర నుండి చూచిన కొండలు లోకములో బహు కొద్ది. అదే రాష్ట్రములో, ఆగ్నేయదిశగా, 1759 సెప్టెంబరు 29వ తేదీన ఒక చెరకు తోటల ఎస్టేటులో హోరూయో అను అగ్నిపర్వతము పుట్టి 1774 వరకు మండినది. 1803లో హంబోల్టు పండితుడు దానిని చూడబోయినాడు. కాని అప్పటికి అది పుట్టి నలువది నాలుగేండ్లు. కండ్లార చూచినవారి మాట తారీఖులవారీగా వ్రాసి ఉంచినవారు అరుదు. పారీకుటిన్ విషయములో ఆ లోపము జరుగలేదు. అమెరికా శాస్త్రజ్ఞుడు విలియం ఫోషాగ్, మెక్సికో శాస్త్రజ్ఞుడు హెనారో గొంజాలెస్ రేనా వచ్చి, పులిదోను, అతని భార్యను, పొరుగు రైతులను కూర్చుండబెట్టి వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొన్నారు. వారి గ్రంథము 1956లో వెలువడినది. సాన్ హువాన్ నివాసి సెలెదోనియో గుటియెర్రెజ్ కొండను కనిపెట్టి చూచుచు, దాని గర్జనలను, మంటలను దినచర్యగా వ్రాసి శాస్త్రజ్ఞులకు అందజేసినాడు. పై చదువులు చదివినవారు కొలతలు కొలిచినారు, నిజమే. అయితే మొదటి గంటల చరిత్ర అంతయు నాగలి పట్టిన చేతుల వారి సాక్ష్యము మీదనే నిలిచి ఉన్నదని మరువరాదు.

లోకము చూడవచ్చినది. ‘డాక్టర్ ఆత్ల్’ అను కలము పేరు గల చిత్రకారుడు హెరార్దో మురియో అక్కడనే మకాము పెట్టి ఎన్నో బొమ్మలు వ్రాసినాడు. ఒక హాలీవుడ్ చిత్రమునకు ఆ పొగయే తెర అయినది. ఈ వేడుక సంగతి ఇంతటితో విడిచెదము.

ఊళ్ళ సంగతి వేరు. కొండ నుండి పారిన శిలాద్రవము నెమ్మదిగా నడుచును. మనుష్యుడు దాని ముందు నడచి తప్పించుకొనగలడు. శిలాద్రవము వలన ఒక్కరును మరణింపలేదు; బూడిద మేఘములలో పుట్టిన పిడుగులు పడి ముగ్గురు చనిపోయినారు. రైతును చంపినది బూడిద. అది రాత్రింబగళ్ళు కురిసినది. మెక్సికో నగరములో కూడ పడినది. కప్పులు కూలినవి. గడ్డి మునిగినది. మేతతోపాటు బూడిద తిని పశువులు వేల సంఖ్యలో చచ్చినవి. జిగురు తీయు చెట్లు మోడువారినవి. పలుచగా పడినచోట నాగలితో పాత మట్టిని కలిపి కొందరు పంట తీసినారు. మందముగా పడినచోట నాగలి క్రింది నేలను అందుకొనలేదు. మొలక వేరు దిగలేదు. కొండవాలుల బూడిదను వానలు కడిగి క్రింది చేలమీద మేట వేసినవి. నేలను ఇచ్చిన బూడిద ఇదే అని ఇందాక చెప్పితిమి. కాని ఆ బూడిద మట్టి అగుటకు పట్టు కాలము వేల ఏండ్లు. రైతు ఇంట ధాన్యము నిలువ ఉండునది ఒక సంవత్సరము.

1943 జూన్‌లో ప్రభుత్వము పారీకుటిన్ ప్రజలను లారీలలో ఎక్కించి, ఉరువాపన్ పట్టణము దగ్గర కొన్న భూములకు చేర్చినది. ఆ క్రొత్త ఊరికి కల్త్సోంత్సిన్ అని పేరు. అది పూర్వము పూరేపెచ రాజుల బిరుదు. ఆ బిరుదు ధరించిన కడపటి రాజును 1530లో స్పానిష్ అధికారి నూన్యో దె గుజ్మాన్ చంపించినాడు. ఊరి పాత పేరు మాత్రము కొండకే మిగిలిపోయినది. పాత ఇండ్లు ఒక్కొక్కటిగా రాతి క్రిందికి పోయినవి.

సాన్ హువాన్ వారు అంత తేలికగా కదలలేదు. విగ్రహము ఉన్నంతవరకు ఊరికి భయము లేదని పెద్దలు అన్నారు. తమ దేవుని స్థానము నుండి కదల్చుటకు ఎవరి మనస్సు ఒప్పును? శిలాద్రవము ఊరి దరి చేరిన పిమ్మట, మతగురువుల బోధ మీద, 1944 మే నెలలో విగ్రహమును భుజముల మీద పెట్టుకొని ఊరంతయు బయలుదేరినది. మూడు దినములు నడిచి, తాము ముందుగా చూచి ఎంచుకొన్న లోస్ కొనేహోస్ అను చోటికి చేరినారు. వెంట గంటలు, దూలములు, కప్పు పలకలు, ఊడదీయగల సామాను అంతయు తరలినవి. క్రొత్త ఊరికి పాత పేరే పెట్టినారు: నువేవో సాన్ హువాన్, అనగా క్రొత్త సాన్ హువాన్. ఆ వేసవిలోనే పాత ఊరు మునిగినది. దేవాలయము చుట్టును శిలాద్రవము చేరి, గోడలు ఎక్కి, వేదిక ఎదుట ఆగినది. పూర్తియైన గోపురమొకటి, వేదిక నల్లరాళ్ళ నడుమ నేటికిని నిలిచి ఉన్నవి.

ఇంతటి విపత్తు వచ్చినప్పుడు జనులు కారణము వెదకుట సహజము. పొలిమేర తగవులో ఎవరో సిలువను నరికినారనియు, దాని ఫలమే ఇదియనియు అక్కడివారు చెప్పుకొన్నారు. తప్పు ప్రక్క ఊరివారిదని ఈ ఊరును, ఈ ఊరివారిదని ఆ ఊరును అన్నట్లు మనము ఊహించుకొనవచ్చును. తగవుకు మూలమైన నేల కొండ క్రిందికి పోయినది. తగవు మాత్రము పోలేదు. రాతి క్రింద ఉన్న నేల ఎవరిది, బూడిద కప్పిన అడవి ఎవరిది అను ప్రశ్నలు దశాబ్దముల తరబడి సాగినవి. మొదట మాకు ఇది నవ్వు పుట్టించినది. తరువాత ఆలోచించి చూడగా నవ్వవలసినది లేదని తోచినది. ఇల్లు పోయిన రైతుకు మిగిలినది హక్కు ఒక్కటే.

ఆ హక్కును విడువకుండుట సాన్ హువాన్ వారికి తరువాత అక్కరకు వచ్చినది. ఊరు కదలినను వారు పాత అడవులను వదలుకొనలేదు. బూడిద మేటలలో మొక్కలు నాటినారు. 1980 తరువాత ఉమ్మడి అడవిని తామే నడుపుకొనుట ఆరంభించి, రంపపు మిల్లు, జిగురు సేకరణ, కుర్చీలు బల్లల తయారీ నెలకొల్పినారు. లోకములోని అటవీ నిపుణులు ఇప్పుడు అక్కడికి నేర్చుకొనుటకు పోవుచున్నారు. కల్త్సోంత్సిన్ వారి చరిత్ర వేరు దారి పట్టినది. పెరుగుచున్న ఉరువాపన్ పట్టణము వారి దరికి వచ్చినది. రైతు బిడ్డలు చాలమంది కూలి పనులకు, బజారు వ్యాపారములకు మరలినారు. ఒకే బూడిద క్రింద పడిన రెండు ఊళ్ళకు ఇంత భేదము ఎందుకు వచ్చినదని అడిగినచో, ఒక ఊరివారు తమ చోటును తామే ఎంచుకొన్నారనియు, రెండవవారికి ఇతరులు ఎంచి ఇచ్చినారనియు మాత్రము మేము చెప్పగలము. చిన్న ఊరికి మొదటి నుండియు భూమి తక్కువ, పలుకుబడి తక్కువ అను సంగతి కూడ ఇందులో చేరును.

పులిదో 1949లో మరణించినాడు. అప్పటికి అతని చేను ఇంకను మండుచునే ఉన్నది. నేడు యాత్రికులు అంగహువాన్ అను పూరేపెచ గ్రామము నుండి గుఱ్ఱముల మీద బయలుదేరి, నల్లరాళ్ళను ప్రాకి పాత దేవాలయమునకు పోవుదురు. వేదిక మీద ఎవరో పెట్టిన పువ్వులు, వెలిగించిన క్రొవ్వొత్తులు కనబడును. క్రొత్త ఊరి దేవాలయములో విగ్రహము ఎదుట నృత్యము చేయు ఆచారము నేటికిని సాగుచున్నది.