ఫ్రీబీఎస్‌డీలో ‘స్టేబుల్’ అంటే ఏమిటి?

ఫ్రీబీఎస్‌డీ 1993 నుంచి ఉచితంగా దొరుకుతున్న ఆపరేటింగ్ సిస్టమ్. ఇన్‌స్టాల్ చేద్దామనుకున్న కొత్తవాళ్లకు మూడు పేర్లు ఎదురవుతాయి: కరెంట్, స్టేబుల్, రిలీజ్. పేరు చూసి చాలామంది స్టేబులే భద్రం అనుకుంటారు. అక్కడే పొరపాటు.

డెవలపర్లు రాసిన కొత్త కోడ్ ముందుగా కరెంట్‌లో చేరుతుంది. అక్కడ ఏ రోజు ఏది పనిచేయకుండా పోతుందో చెప్పలేం. తప్పులు పట్టే చెకింగ్‌లు ఆన్‌లోనే ఉంటాయి కాబట్టి వేగమూ తక్కువే. కొన్నాళ్లు పరీక్షించాక ఆ మార్పుల్లో కొన్నిటిని స్టేబుల్‌కు తెస్తారు. ఇదీ డెవలప్‌మెంట్ శాఖే! పాత ప్రోగ్రామ్‌లు ఆగిపోయేలా మార్పులు చేయరనే ‘స్టేబుల్’ అన్నారు తప్ప, తప్పులు లేవని కాదు. పేరు ఇంకాస్త ఆలోచించి పెట్టాల్సింది. డెబియన్‌లోనైతే స్టేబుల్ అంటే నిజంగానే జనం వాడుకునే ఖరారైన విడుదల.

ఫ్రీబీఎస్‌డీలో ఆ స్థానం రిలీజ్‌ది. స్టేబుల్ నుంచి విడదీసి, బీటాలు, రిలీజ్ క్యాండిడేట్‌లు దాటించాకే నంబరుతో వదులుతారు. ఆపైన అందులో చేరేవి భద్రతా ప్యాచ్‌లు, ముఖ్యమైన సవరణలే. దుకాణం లెక్కలో, పిల్లల ప్రాజెక్టులో ఉన్న కంప్యూటర్‌కు ఇదే సరైంది. అయితే వేసి వదిలేస్తే కుదరదు: 14.1 వెర్షన్ 2024 జూన్‌లో వచ్చింది, అదే ఏడాది సెప్టెంబరు 30తో 14.0కు ప్యాచ్‌లు ఆగిపోయాయి.