స్వయంనిర్మిత విమానాల్లో నావిగేషన్ యాంటెన్నా: స్థల నిర్ణయం

స్వయంనిర్మిత విమానంలో నావిగేషన్ యాంటెన్నాను ఎక్కడ బిగించాలన్నది నిర్మాతలు చాలామంది చివరికి వాయిదా వేసే విషయం. రెక్కలకు రేకు కొట్టడం పూర్తయి, తోక మూసేసి, పరికరాల పలక కూడా అమరాక, మిగిలిన ఖాళీలో యాంటెన్నాకు రంధ్రం వేస్తారు. ఈ క్రమం తలకిందులైనదని ఈ వ్యాసం వాదన. ఏ తరంగం ఏ దిక్కు నుంచి, ఏ ధ్రువణంతో వస్తుందో, విమాన దేహంలోని లోహం దానికి ఎక్కడ నీడ పెడుతుందో ముందు తేల్చుకోవాలి. తీగ పొడవు, అందం, గాలి నిరోధం ఆ తరువాత లెక్కలోకి వస్తాయి. కర్మాగారంలో తయారైన విమానానికి ఈ ప్రశ్న ధ్రువీకరణ దశలోనే పరిష్కారమై ఉంటుంది, కొన్నవాడికి ఆ బెంగ లేదు. సొంతంగా కట్టేవాడికి అలాంటి వారసత్వం ఉండదు. మన దేశంలో బాగా నమోదైన ఉదాహరణ ముంబైకి చెందిన అమోల్ యాదవ్‌ది. ఇంటి మేడపై ఆయన నిర్మించిన విమానానికి 2017 నవంబరులో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వీటీ-ఎన్ఎండీ అనే నమోదు సంఖ్య ఇచ్చింది. అలాంటి ప్రయత్నాల్లో ప్రతి చిన్న అమరికకూ నిర్మాతే కారణం చూపవలసి ఉంటుంది.

చర్చను ఒక నిర్దిష్టమైన ఆకాశం కింద నిలపడం మేలు. యాంటెన్నా స్థానం గురించిన సలహాలు ఎక్కువగా అమెరికా నిర్మాతల నుంచి వచ్చినవి, వారి ఆకాశం మనది కాదు. హైదరాబాద్‌లో బల్కంపేటకు పక్కనే ఉన్న బేగంపేట విమానాశ్రయాన్ని ఆధార బిందువుగా తీసుకోవచ్చు. 1930ల్లో హైదరాబాద్ ఏరో క్లబ్‌తో మొదలై, 1937లో టెర్మినల్ భవనం, 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ ఏర్పడిన చోటు అది. 2008 మార్చి 23న ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలాక కూడా శిక్షణ విమానాలు, ప్రదర్శనలు అక్కడ సాగుతూనే వచ్చాయి. చిన్న విమానాలను చూసి నేర్చుకోవాలనుకునే నగరవాసికి ఇప్పటికీ అదే దగ్గర.

మొదట వీఓఆర్, అంటే నేలమీది కేంద్రం నుంచి విమానం ఏ దిక్కున ఉందో పలకమీది సూదితో చూపే రేడియో సాధనం. ఇది ఎప్పుడు మొదలైందన్న దానిపై గ్రంథాలు ఒక్క మాట మీద లేవు. అమెరికాలో ప్రయోగాత్మక కేంద్రాలు నిలిచిన 1940ల నడిమి సంవత్సరాలను కొందరు చూపుతారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో, ఇలాంటి రేడియో సాధనాల ప్రమాణాలున్న తన అనుబంధం 10ను స్వీకరించిన 1949 నుంచి లెక్కించడమే స్థిరమైన ఆధారం. 108 నుంచి 117.95 మెగాహెర్ట్జ్ వరకు దీని పరిధి. తరంగదైర్ఘ్యం సుమారు 2.65 మీటర్లు కాబట్టి పావు తరంగపు కడ్డీ, కొసల ప్రభావానికి కాస్త తగ్గించాక, 63 సెంటీమీటర్ల దగ్గర తేలుతుంది. ముఖ్యమైన సంగతి ధ్రువణం. వీఓఆర్ తరంగం నేలకు సమాంతరంగా కంపిస్తుంది, మాటల రేడియో తరంగం నిలువుగా కంపిస్తుంది. అందువల్ల పొట్ట కింద నిలువుగా వేలాడే కడ్డీ మాటలకు బాగా పనికొస్తుంది గానీ వీఓఆర్‌కు పనికిరాదు. సిద్ధాంతం ప్రకారం ధ్రువణాలు అడ్డంగా ఉంటే ఏమీ అందకూడదు. ఆచరణలో నేల, రెక్కల నుంచి వచ్చే ప్రతిఫలనాల వల్ల ఎంతో కొంత అందుతుంది. ఈ ఎంతో కొంత చాలామందిని మోసగించింది, కేంద్రానికి పది మైళ్లలో సూది కదిలితే అమరిక సరిగ్గా ఉందనుకుంటారు.

అడ్డంగా పరచుకున్న రెండు కడ్డీల యాంటెన్నాకు, అంటే ద్విధ్రువానికి, విమానం మీద ఒప్పే చోటు నిలువు తోకరెక్క పైకొస. అక్కడ రెండు కడ్డీలను ఆంగ్ల వీ ఆకారంలో బిగించడం చిన్న విమానాల్లో పాత అలవాటు. వాటి మధ్య కోణం ఎంత ఉండాలన్న దానిపై 90 డిగ్రీలు, 120 డిగ్రీలు అనే రెండు పద్ధతులు కనిపిస్తాయి. కడ్డీల కొసల దిశలో ద్విధ్రువానికి ఉండే చెవుడును పూడ్చడమే ఆ వంపు ప్రయోజనం. రెండూ పనిచేస్తాయి, వెడల్పు కోణానికే మొగ్గు ఎక్కువ. తోకకు అనుకూలంగా అంతగా ప్రచారంలో లేని కారణం ఇంకొకటి ఉంది: ప్రొపెల్లర్ నుంచి దూరం. వీఓఆర్ దిక్కును చెప్పేది రెండు 30 హెర్ట్జ్ సంకేతాల మధ్య దశా భేదం ద్వారా. రెండు ఆకుల ప్రొపెల్లర్ నిమిషానికి 900 సార్లు తిరిగితే తన ముందున్న తరంగాన్ని సెకనుకు 30 సార్లు తెంచుతుంది. ఆ తెంపు నేరుగా దిక్సంకేతం మీదే పడుతుంది. కొన్ని ఇంజను వేగాల వద్ద సూది 6 డిగ్రీల దాకా ఊగవచ్చని అమెరికా పైలట్ల అధికారిక సమాచార గ్రంథం హెచ్చరిస్తుంది. ఇంజను కప్పు మీద, అద్దం ముందు బిగించిన యాంటెన్నాకు ఈ బెడద తోకమీది దానికంటే ఎక్కువ.

తోకపై ప్రధాన అభ్యంతరం తీగ పొడవు. పరికరాల పలక నుంచి తోకకొస దాకా ఆరు మీటర్ల కోయాక్సియల్ తీగ కావాలి, నష్టం, బరువు పెరుగుతాయి కదా అంటారు. లెక్క వేస్తే ఈ భయం నిలవదు. ఆర్‌జీ-400 రకం తీగలో, ఈ పౌనఃపున్యం వద్ద, ఆరు మీటర్లకు నష్టం సుమారు 1 డెసిబెల్. తప్పు చోట పెట్టిన యాంటెన్నాకు దేహపు నీడ వల్ల కొన్ని దిక్కుల్లో పది డెసిబెళ్లకు పైగా గుంటలు పడటం మామూలే. ఒకటిని మిగిల్చుకోవడానికి పదిని వదులుకోవడం లెక్కకు నిలవదు. పైగా అదే ద్విధ్రువం, దిగేటప్పుడు రన్‌వే వరుసను చూపే లోకలైజర్‌కు, విభాజకం ద్వారా దిగే వాలును చూపే గ్లైడ్ స్లోప్‌కు కూడా సరిపోతుంది. గ్లైడ్ స్లోప్ వాడే 329 నుంచి 335 మెగాహెర్ట్జ్, లోకలైజర్ పౌనఃపున్యానికి రమారమి మూడు రెట్లు కాబట్టి కడ్డీ అక్కడ కూడా ప్రతిస్పందిస్తుంది. బరువు విషయంలో మాత్రం అభ్యంతరం కొంత న్యాయమైనదే. తోకలో చేరిన ప్రతి వంద గ్రాములూ గురుత్వ కేంద్రాన్ని వెనక్కి లాగుతాయి, కనుక తూకం వేసేటప్పుడు దాన్ని లెక్కలో చేర్చాలి.

రెండో అభ్యంతరం అందానిది, గాలి నిరోధానిది. లోహ విమానాల్లో దీనికి జవాబుగా రెక్కకొసల ఫైబర్‌గ్లాస్ తొడుగు లోపల దాచే యాంటెన్నాలు వచ్చాయి. వాన్స్ ఆర్‌వీ శ్రేణి విమానాలు కట్టేవారిలో బాబ్ ఆర్చర్ రూపొందించినవి బాగా వాడుకలోకి వచ్చాయి. నురుగు, గ్లాస్ ఫైబర్‌తో కట్టే విమానాల్లో జిమ్ వేర్ ప్రచారం చేసిన రాగి రేకు పట్టీలు దేహంలోనే కలిసిపోతాయి. 1975లో ఎగిరిన బర్ట్ రూటాన్ వేరీఈజీ తరహా నిర్మాణానికి అవి చక్కగా అమిరాయి. గ్లాస్ ఫైబర్ రేడియో తరంగానికి దాదాపు పారదర్శకం కాబట్టి అక్కడ దాచడం తెలివైన పనే. లోహ రెక్క కొసలో దాచినదాన్ని మాత్రం రాజీగానే చూడాలి. ఎడమ కొసలో ఉన్న యాంటెన్నాకు కుడివైపు కేంద్రం రెక్కలు, దేహం వెనకాల పడుతుంది. పగటి వెలుగులో, నేలను చూస్తూ ఎగిరేవారు ఈ నష్టాన్ని భరించగలరు, పరికరాల మీద ఆధారపడి దిగదలచినవారు భరించకూడదు. కార్బన్ ఫైబర్ సంగతి వేరు. అది విద్యుద్వాహకం, దాని లోపల దాచడమంటే లోహపు పెట్టెలో దాచడమే. తీగ, రేకు కలిసే చోట ఫెర్రైట్ వలయాలు బాలన్‌గా, అంటే రెండు కడ్డీల యాంటెన్నాను కోయాక్సియల్ తీగతో పొందుపరిచే అమరికగా, పనిచేస్తాయా అన్న వివాదం పాతది. పనిచేస్తాయని నురుగు విమానాల వారు, కొలతల్లో తేడా కనిపించదని మరికొందరు అంటారు. స్థలం సరైనదైతే ఈ తేడా చిన్నదే.

జీపీఎస్ యాంటెన్నా న్యాయం భిన్నమైనది. 1575.42 మెగాహెర్ట్జ్ వద్ద, కుడిచేతి వృత్తాకార ధ్రువణంతో, అతి బలహీనంగా ఆకాశం నుంచి దిగే తరంగం అది. దానికి కావలసినవి విమానం పైభాగాన చోటు, క్షితిజం దాకా అడ్డులేని చూపు. జీపీఎస్‌ను సవరించే గగన్ వ్యవస్థ ప్రారంభ తేదీగా మూడు కనిపిస్తాయి: మార్గ ప్రయాణానికి ధ్రువీకరణ పొందిన 2013 డిసెంబరు 30, నిలువు మార్గదర్శకత్వంతో దిగడానికి ధ్రువీకరణ వచ్చిన 2015 ఏప్రిల్ 21, నాటి పౌర విమానయాన మంత్రి అశోక్ గజపతిరాజు లాంఛనంగా ప్రారంభించిన 2015 జూలై 13. యాంటెన్నా బిగించేవాడికి పనికొచ్చేది రెండోది. గగన్ సంకేతాలు భూస్థిర కక్ష్య నుంచి వస్తాయి. 83 డిగ్రీల తూర్పు రేఖాంశంలో ఉన్న ఉపగ్రహం బల్కంపేట మీద ఎగిరే విమానానికి దక్షిణాన సుమారు 69 డిగ్రీల ఎత్తులో, 55 డిగ్రీల రేఖాంశంలో ఉన్నది నైరుతి వైపు సుమారు 56 డిగ్రీల ఎత్తులో కనిపించాలి. విమానం 30 డిగ్రీలు ఒరిగి మలుపు తిరిగినా రెండూ రెక్కల తలానికి పైనే ఉంటాయి. ఉత్తర అమెరికా ఎగువ అక్షాంశాల్లో ఇలాంటి ఉపగ్రహాలు బాగా కిందికి దిగి ఉంటాయి కాబట్టి అక్కడి నిర్మాతలు తోక నీడకు అంతగా భయపడతారు. మనకు తోకరెక్క ముందు, పందిరి అద్దం వెనక ఉన్న వీపు భాగం నిస్సంకోచంగా సరిపోతుంది.

అలాగైతే పరికరాల పలక మీది అంచున, అద్దం కింద పెట్టినా చాలదా అన్నది సహజమైన ప్రశ్న. ఎత్తైన ఉపగ్రహాలు అందుతాయి నిజమే. స్థానం లెక్క కచ్చితంగా రావాలంటే క్షితిజానికి దగ్గరగా ఉన్నవి కూడా అందాలి, వాటిలో వెనకవైపున్నవాటిని అక్కడ కప్పు, మనుషులు, లోహపు చట్రం కమ్మేస్తాయి. తెలుగు నేల మీది అయనోమండలం అయస్కాంత మధ్యరేఖకు దగ్గర కావడంతో, సూర్యుడు చురుకుగా ఉన్న ఏళ్లలో, విషువత్తుల దగ్గరి నెలల్లో, పొద్దుగూకాక సంకేతాలు మిణుకుమిణుకుమంటాయి. 1982లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఏర్పడిన నావిగేషనల్ ఎలక్ట్రానిక్స్ విభాగం అధ్యయనం చేస్తూ వచ్చిన అంశాల్లో ఇదొకటి. పగలే ఎగిరే స్వయంనిర్మిత విమానానికి ఈ కారణం అంత బలమైనది కాదని ఒప్పుకోవాలి. పరికరాల పలక వెలువరించే రొద, మండువేసవిలో అద్దం కింద చేరే వేడి మాత్రం పగటివే. మాటల రేడియో యాంటెన్నాకు జీపీఎస్‌ది కనీసం రెండడుగుల దూరంలో ఉండాలన్న తయారీదారుల సలహాకు కూడా గట్టి కారణం ఉంది. 121.175 మెగాహెర్ట్జ్‌ను 13తో, 131.275ను 12తో గుణిస్తే జీపీఎస్ పౌనఃపున్యానికి అతి చేరువగా వస్తాయి. ఆ ఛానళ్లలో మీట నొక్కి మాట్లాడితే జీపీఎస్ చూపు పోవచ్చు. జీపీఎస్‌ను వీపు మీద, మాటల రేడియోను పొట్ట కింద పెట్టి, నడుమ దేహాన్ని అడ్డుగా నిలపడం అన్నిటికన్నా సులువైన మందు.

జీపీఎస్ ఉండగా తోకమీద వీఓఆర్ కడ్డీలు ఎందుకన్నది అన్నిటికంటే గట్టి అభ్యంతరం, ఇటీవలి దాకా దీనికి జవాబు కష్టంగానే ఉండేది. ఉపగ్రహ సంకేతాలకు ఎదురయ్యే అంతరాయాలను నివేదించడం 2023 నవంబరులో డీజీసీఏ తప్పనిసరి చేసింది. అలాంటి నివేదికలు వచ్చిన పెద్ద విమానాశ్రయాల్లో హైదరాబాద్ కూడా ఉందని పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు 2025 డిసెంబరు ఆరంభంలో పార్లమెంటుకు తెలిపారు. నేలమీది సంప్రదాయ సాధనాల కనీస జాలాన్ని నిలుపుకుంటున్నట్టు కూడా ఆ జవాబులో ఉంది. నేల నుంచి బలంగా వచ్చే వీఓఆర్‌ను ముంచేయడం జీపీఎస్‌ను ముంచినంత తేలిక కాదు. రెండో సాధనం దేనికైనా పనికిరావాలంటే మొదటిది పోయిన రోజున అన్ని దిక్కులా వినగలగాలి. రెక్కకొసలో సగం ఆకాశానికి చెవుడైన యాంటెన్నా ఆ అవసరాన్ని తీర్చదు.

బిగింపు వివరాలకు అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 2008లో వెలువరించిన ఏసీ 43.13-2బి సూచనల్లోని యాంటెన్నా అధ్యాయం ఉపయోగకరం. రేకు వెనక బలపు పలక వేయడం, నీరు చొరకుండా మూయడం, గాలి తాకిడిని లెక్కించడం అందులో ఉన్నాయి. పరీక్ష విషయంలో ఒక పొరపాటు అభిప్రాయం వ్యాప్తిలో ఉంది. చేతిలో ఇమిడే ఎనలైజర్లు చౌకయ్యాక, ప్రతిఫలన నిష్పత్తి 1కి దగ్గరగా వస్తే యాంటెన్నా మంచిదని తేల్చేస్తున్నారు. తరంగాన్ని ఏమాత్రం పంపని, అందుకోని ఉత్త నిరోధకం కూడా సరిగ్గా ఆ అంకెనే చూపుతుంది. ఆ కొలత తీగకు, యాంటెన్నాకు పొత్తు కుదిరిందని మాత్రమే చెబుతుంది, స్థలం గురించి ఏమీ చెప్పదు. స్థలాన్ని పరీక్షించేది గాలిలోనే: వీఓఆర్ కేంద్రానికి నలభై యాభై మైళ్ల దూరంలో, స్థిరమైన ఎత్తున, రెక్క పెద్దగా వాల్చకుండా పూర్తి వృత్తం తిరిగి, ఏ దిక్కుకు ముక్కు ఉన్నప్పుడు సంకేతం చాలడం లేదని చెప్పే హెచ్చరిక జెండా తొంగిచూసిందో రాసుకోవాలి. అదే వృత్తాన్ని వేర్వేరు ఇంజను వేగాల వద్ద మళ్లీ తిరగాలి. రంగు వేశాక ఇంకోసారి తిరగడం అవసరం. లోహపు పొడి కలిసిన మెరుపు రంగులు ఫైబర్‌గ్లాస్ తొడుగుల పారదర్శకతను తగ్గించవచ్చు, జీపీఎస్ యాంటెన్నా మీదైతే తయారీదారు అనుమతి లేనిదే ఏ రంగూ వేయకూడదు.